ఒకే ఓడా, రెండు ఓడలా? సముద్ర నిఘాలో సెన్సర్ల సమాచారం కలపడం

(ఇంజినీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

తెర మీద ఉన్న ఈ బొమ్మ చూడండి. ఎడమ పక్కన తీరం గీత, కుడి వైపంతా సముద్రం. మధ్యలో రెండు చుక్కలు. పచ్చ చుక్క రాడార్ ఇచ్చింది. నీలం చుక్క ఓడ తనంతట తానే రేడియోలో చెప్పుకున్న స్థానం. రెండింటికీ మధ్య 350 మీటర్ల దూరం. రెండూ దాదాపు ఒకే దిక్కుకి, ఒకే వేగంతో పోతున్నాయి. రాత్రి రెండు గంటల సమయం. ఇప్పుడు చెప్పండి, అక్కడ ఉన్నది ఒక ఓడా, రెండు ఓడలా?

(సభలో కొందరు "ఒకటే" అన్నారు, కొందరు "రెండు" అన్నారు.)

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఈ ఒక్క ప్రశ్నతోనే గడిచింది. ఒకటే అని తేల్చేసి, అది తప్పయితే, పెద్ద ఓడ పక్కనే నక్కి వస్తున్న చిన్న పడవని మన చేతులతో మనమే తెర మీంచి తుడిచేసినట్టు. రెండు అని తేల్చి, అది తప్పయితే, లేని పడవ కోసం గస్తీ సిబ్బందిని అర్ధరాత్రి అలల్లోకి పంపినట్టు. ముందు గొయ్యి, వెనక నుయ్యి. సెన్సర్ల సమాచారాన్ని కలపడం అనే ఈ విద్య అంతా ఆ రెండింటి మధ్య నడక. డేటా ఫ్యూజన్ అనే పెద్ద పేరు వింటే రకరకాల సమాచారాన్ని ఒక గంపలో పోసి కలియబెట్టడం అనిపిస్తుంది. నిజానికి అందులో కలపడం తేలిక భాగం. ఏది దేనితో కలపకూడదో తెలుసుకోవడమే కష్టం. ఈ రోజు దాని గురించే మాట్లాడతాను.

ముందు మన సాక్షులు ఎవరో చూద్దాం.

మొదటిది రాడార్. దానికి ఎవరి సహకారమూ అక్కర్లేదు, ఓడ ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా తరంగం వెళ్లి తగిలి వెనక్కి వస్తుంది. కానీ భూమి గుండ్రంగా ఉంది. యాంటెన్నా 25 మీటర్ల ఎత్తులో ఉంటే, నీటి మీద ఒక మీటరు ఎత్తున్న చిన్న పడవ దానికి 25 కిలోమీటర్ల దాకానే కనిపించగలదు. యాంటెన్నాని 100 మీటర్ల కొండ మీద పెట్టినా ఆ దూరం 45 కిలోమీటర్ల దగ్గరే ఆగుతుంది. లెక్క చాలా సులభం. యాంటెన్నా ఎత్తు వర్గమూలం, పడవ ఎత్తు వర్గమూలం కూడి, 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. ఇది హద్దు మాత్రమే. ఆ హద్దు లోపల కూడా ఫైబర్ పడవ ఇచ్చే ప్రతిధ్వని చాలా బలహీనం, గాలి లేచిందంటే కెరటాల నుంచి వచ్చే ప్రతిధ్వనుల్లో అది కలిసిపోతుంది. ఆ కెరటాల గోలనే మేం క్లట్టర్ అంటాం.

రెండోది ఏఐఎస్, అంటే ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్. ఓడ తన గుర్తింపు సంఖ్య, స్థానం, వేగం, దిక్కు రేడియోలో తానే ప్రకటించే పద్ధతి. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నుల పైబడిన ఓడలకీ, ప్రయాణికుల ఓడలకీ ఇది తప్పనిసరి. 2002 నుంచి 2004 లోపు దశలవారీగా అమల్లోకి వచ్చింది. నడుస్తున్న పెద్ద ఓడ వేగాన్ని బట్టి 2 నుంచి 10 సెకన్లకోసారి, లంగరు వేసి ఉంటే 3 నిమిషాలకోసారి చెబుతుంది. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండడానికి పుట్టిన పద్ధతి ఇది. నిఘా కోసం పుట్టలేదు. అందుకే పంపినవాడు నిజం చెబుతున్నాడా లేదా అని సరిచూసే ఏర్పాటు ఇందులో లేనే లేదు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఇక కెమెరాలు ఉన్నాయి, పగటివీ, వేడిని పట్టే రాత్రివీ. ఓడ ఏ రకమో, డెక్ మీద ఏం జరుగుతోందో చెప్పగలిగేది ఇవే, కానీ పొగమంచు పడితే పనిచేయవు. పైన ఉపగ్రహాలు ఉన్నాయి. కొన్ని రాడార్ చిత్రాలు తీస్తాయి, మబ్బులూ చీకటీ వాటికి లెక్క కాదు. కొన్ని రాత్రిపూట సముద్రం మీద వెలిగే దీపాలని చూస్తాయి. కొన్ని ఓడల రాడార్లు వెదజల్లే తరంగాలనే పై నుంచి పసిగడతాయి. ఒక్కోదానికి ఒక్కో బలం, ఒక్కో గుడ్డితనం.

ఇప్పుడు ఆ రెండు చుక్కల దగ్గరికి వెళ్దాం. ఒకే ఓడ అయితే రెండు చుక్కలు ఎందుకు పడ్డాయి?

మొదటి కారణం గడియారం. 20 నాట్ల వేగంతో పోయే ఓడ సెకనుకి 10 మీటర్ల పైన కదులుతుంది. ఒక సెన్సర్ గడియారం మూడు సెకన్లు వెనకబడితే 30 మీటర్ల తేడా. ఒక సమాచారం నిమిషం పాతదైతే 600 మీటర్లు దాటుతుంది. ఉపగ్రహం ద్వారా గంట ఆలస్యంగా వచ్చిన కబురైతే ఓడ 37 కిలోమీటర్లు ముందుకెళ్లిపోయి ఉంటుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు గొప్ప గొప్ప అల్గారిథమ్‌ల గురించి అడుగుతారు. నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: మీ సెన్సర్ వేసే టైమ్ స్టాంప్ కొలిచిన క్షణానిదా, సర్వర్‌కి చేరిన క్షణానిదా? చాలా మంది దగ్గర సమాధానం ఉండదు. నెలల తరబడి వెతికిన తప్పులు చివరికి ఇక్కడ దొరికాయి.

రెండో కారణం, ఓడ అంటే చుక్క కాదు. సూయెజ్ కాలువలో 2021లో అడ్డం తిరిగిన ఎవర్ గివెన్ గుర్తుందా? దాని పొడవు దాదాపు 400 మీటర్లు. అంత పొడవున్న ఓడలో ఏఐఎస్ చెప్పే స్థానం జీపీఎస్ యాంటెన్నా ఉన్న చోటు. రాడార్‌కి బలంగా కనిపించేది తన వైపున్న భాగం. ఓడ మన రాడార్ వైపు ముక్కు పెట్టి వస్తోందనుకోండి. రాడార్ ముక్కుని చూస్తుంది, యాంటెన్నా బాగా వెనక ఉండొచ్చు. ఏ పొరపాటూ లేకుండానే రెండు చుక్కల మధ్య రెండు మూడు వందల మీటర్ల తేడా రావచ్చు. ఏఐఎస్ సందేశాల్లో ఒకదానిలో యాంటెన్నా నుంచి ముక్కుకి ఎంత, వెనక్కి ఎంత, రెండు పక్కలకీ ఎంత అని నాలుగు అంకెలు ఉంటాయి. వాటిని వాడితే ఈ తేడా సర్దుకుంటుంది. కాకపోతే వాటిని మనిషి చేత్తో నింపాలి, కొన్ని ఓడల్లో నాలుగూ సున్నాలే కనిపిస్తాయి.

మూడో కారణం రాడార్ స్వభావం. రాడార్ దూరాన్ని బాగా కొలుస్తుంది, దిక్కుని అంత బాగా కొలవదు. దూరంలో 30 మీటర్లు, దిక్కులో ఒక డిగ్రీ తప్పు రావచ్చనుకుందాం. 20 కిలోమీటర్ల అవతల ఒక డిగ్రీ అంటే 350 మీటర్లు. కాబట్టి రాడార్ చుక్క నిజానికి చుక్క కాదు. రాడార్‌కి అడ్డంగా పరుచుకున్న సన్నటి పొడవాటి దీర్ఘవృత్తం. ఓడ దానిలో ఎక్కడైనా ఉండొచ్చు.

ఇప్పుడు మొదటి ప్రశ్నని మళ్లీ అడుగుతాను. ఆ 350 మీటర్లు రాడార్ చూపుకి అడ్డంగా ఉన్నాయా, చూపు వెంట ఉన్నాయా? అడ్డంగా అయితే అది మామూలు పొరపాటు, రోజూ జరిగేదే, రెండూ ఒకే ఓడ కావచ్చు. చూపు వెంట అయితే, ఓడ పొడవుతో కూడా సర్దుబాటు కాకపోతే, తేడా మామూలు పొరపాటుకి పది రెట్లు దాటింది. అక్కడ రెండు ఓడలు ఉన్నాయని నా అనుమానం. దూరం అదే 350. అర్థం పూర్తిగా వేరు. ఇందాక "ఒకటే" అన్నవాళ్లూ "రెండు" అన్నవాళ్లూ ఇద్దరూ తొందరపడ్డారు, ఎందుకంటే రాడార్ ఏ మూల ఉందో నేను చెప్పలేదు, మీరు అడగలేదు.

ఈ ఆలోచనకి గణిత రూపం ఇచ్చినవారు సంఖ్యాశాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1936లో ఆయన ప్రతిపాదించిన దూరం కొలత, రెండు బిందువుల మధ్య తేడాని మీటర్లలో కాకుండా ఆ దిక్కులో సహజంగా ఉండే చెదురుతో పోల్చి చూస్తుంది. ఆయన అప్పుడు చూస్తున్నది మనుషుల శరీర కొలతల్ని, ఓడల్ని కాదు. ఈ రోజు ప్రపంచంలో దాదాపు ఏ తీర నిఘా వ్యవస్థ తెరిచినా లోపల మహలనోబిస్ దూరం కనిపిస్తుంది. ఆ దూరం ఇంతకి మించితే కలపొద్దు అని ఒక హద్దు పెడతాం, దాన్ని గేట్ అంటాం. ఆయన దగ్గర కలకత్తాలో పనిచేసిన మన తెలుగువారు సి. ఆర్. రావు గారు 1945లో ఇంకో మాట తేల్చారు: ఇచ్చిన సమాచారంతో, ఒక పక్కకి మొగ్గని ఏ అంచనా అయినా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికో హద్దు ఉంది, ఎంత తెలివైన పద్ధతి వాడినా అంతకన్నా మెరుగుపడదు. క్రామర్-రావు హద్దు అని మీరు పరీక్షల కోసం చదివే ఉంటారు. మా పనిలో కొత్త ట్రాకింగ్ పద్ధతి ఎవరు తెచ్చినా, దాన్ని ముందు ఆ గీత పక్కన పెట్టి చూస్తాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన ఒక మనిషి గీసిన గీత అది అని తలచుకున్నప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

ఒకే ఓడ అని తేలాక కలపడం ఎలా? 1960లో రుడాల్ఫ్ కాల్మన్ చూపించిన దారి ఇప్పటికీ రాజమార్గం. ఓడ ఎక్కడ ఉండాలో ముందు అంచనా వేయి, కొలత రాగానే అంచనాని దాని వైపు కొంత జరుపు, ఎంత జరపాలో రెండింటి నమ్మకాన్ని బట్టి తేల్చు. ఒక చిన్న లెక్క చెబుతాను. ఒక సెన్సర్ 50 మీటర్ల పొరపాటు చేస్తుంది, ఇంకోటి 100 మీటర్లు. రెండింటికీ సమానంగా ఓటు ఇస్తే నష్టపోతాం. మొదటిదానికి నాలుగు పాళ్లు, రెండోదానికి ఒక పాలు ఇవ్వాలి. అప్పుడు కలిపిన ఫలితంలో పొరపాటు 45 మీటర్లకి కొంచెం లోపలికి వస్తుంది. మంచి సాక్షి ఒక్కడి కన్నా ఇది మెరుగే. అంటే బలహీనమైన సెన్సర్‌ని కూడా పారేయక్కర్లేదు. గుడ్డికన్న మెల్ల నయం అన్నట్టు, దాని మెల్ల ఎంతో మనకి తెలిస్తే చాలు.

పడవలు గుంపుగా ఉన్న చోట కథ మారుతుంది. రెండు చేపల పడవలు ఒకదానికొకటి అడ్డంగా దాటుతున్నప్పుడు ఆ కొన్ని సెకన్లలో ఏ ప్రతిధ్వని ఎవరిదో తెలియదు. వెంటనే తేల్చేస్తే పేర్లు తారుమారవుతాయి, ఆ తర్వాత గంటసేపు తప్పు పడవ వెంట పడతాం. డొనాల్డ్ రీడ్ 1979లో చెప్పిన ఉపాయం, తేల్చకుండా ఆగడం. రెండు అవకాశాలనీ పక్కపక్కన బతికించి ఉంచు, ఇంకో నాలుగు కొలతలు రానీ, ఏది నిలబడుతుందో అప్పుడు చూడు. కంప్యూటర్‌కి భారమే, అవకాశాలు చెట్టు కొమ్మల్లా పెరిగిపోతాయి, ఎప్పటికప్పుడు ఎండినవి నరుకుతూ ఉండాలి. నాకు ఈ పద్ధతి మీద ప్రత్యేకమైన ఇష్టం ఉంది. తెలియనప్పుడు తెలియదని పెట్టుకుని, ఆ తెలియనితనాన్ని జాగ్రత్తగా మోయడం దీని గుణం.

ఇప్పుడు నేను స్వయంగా పడ్డ దెబ్బ ఒకటి చెబుతాను. ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది వదిలేయండి. మా కేంద్రానికీ పక్క కేంద్రానికీ మధ్య సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు కొత్తగా పెట్టాం. ఒక రాత్రి గాలి బాగా వీస్తోంది. మా రాడార్ ఒక బలహీనమైన ట్రాక్ (వరస కొలతలని కలిపి ఒకే పడవ జాడగా పెట్టుకునేది) మొదలుపెట్టింది, నమ్మకం తక్కువ అని గుర్తు కూడా వేసింది. ఆ ట్రాక్ పక్క కేంద్రానికి వెళ్లింది. వాళ్ల వ్యవస్థ దాన్ని తీసుకుని, తన నంబర్ వేసి, తన పటంలో పెట్టుకుని, తిరిగి అందరికీ పంపింది, మాక్కూడా. మా వ్యవస్థ ఏమనుకుంది? "నేను చూసిన చోటే ఇంకొకరు కూడా పడవని చూశారు, ఇద్దరం ఏకీభవించాం, నమ్మకం పెంచుదాం." పెంచి మళ్లీ పంపింది. అది తిరిగి ఇంకా బలంగా వచ్చింది. పది నిమిషాల్లో ఆ ట్రాక్ మా వ్యవస్థ లెక్కలో అన్నిటికన్నా నమ్మకమైనదిగా నిలబడింది, దాని పొరపాటు హద్దు అంతకంతకీ కుంచించుకుపోయింది. గస్తీ బోటు వెళ్లింది. మూడు గంటలు వెతికారు. అక్కడ కెరటాలు తప్ప ఏమీ లేవు. తడిసి ముద్దయి తిరిగొచ్చిన ఆ సిబ్బంది ముఖాలు నాకింకా గుర్తున్నాయి. ఒకరు కూడా తిట్టలేదు, "ఈసారి చూసి పంపండి సార్" అన్నారు, అంతే.

ఒక ఊళ్లో పుకారు ఎలా పుడుతుందో ఇదీ అలాగే. ఒకడు అనుమానంగా అన్న మాట నలుగురి నోట్లో పడి తిరిగి అతని చెవినే పడితే, "చూశారా, ఊరంతా అదే అంటున్నారు" అని అతనే గట్టిగా నమ్ముతాడు. నలుగురు సాక్షులు ఒకే మాట చెప్పారంటే, నలుగురూ స్వయంగా చూశారా, ఒకడి నుంచి విన్నారా అని తెలియకుండా ఆ సాక్ష్యానికి విలువ కట్టలేం. గణితంలో దీనికి జవాబు ఉంది. సైమన్ జూలియర్, జెఫ్రీ ఊల్మన్ 1997లో కోవేరియన్స్ ఇంటర్‌సెక్షన్ అనే పద్ధతి ఇచ్చారు. రెండు అంచనాలకీ మధ్య బంధుత్వం ఎంతో తెలియనప్పుడు, నమ్మకాన్ని తప్పుడు లెక్కతో పెంచకుండా కలిపే పద్ధతి అది. కొంచెం పిసినారిదే, నిజంగా ఇద్దరు వేర్వేరు సాక్షులు ఉన్నప్పుడు కూడా నమ్మకాన్ని పెద్దగా పెంచదు. మేం దాన్ని వాడాం. దానికన్నా ముందు చేసింది ఇంకోటి: ప్రతి ట్రాక్‌తో పాటు అది ఏ సెన్సర్లలో పుట్టిందో రాసి పంపడం, మనలో పుట్టింది మనకే తిరిగొస్తే లెక్కలోకి తీసుకోకపోవడం. చుక్కకి పుట్టుక ఉండాలి. ఆ పుట్టుక ఎక్కడా చెరిగిపోకూడదు.

ఇందాక ఏఐఎస్ అబద్ధం చెప్పగలదన్నాను కదా. 2021 జూన్‌లో బ్రిటన్ యుద్ధనౌక డిఫెండర్, నెదర్లాండ్స్ యుద్ధనౌక ఎవర్ట్‌సన్ ఉక్రెయిన్‌లోని ఒడెసా రేవులో కట్టి ఉన్నాయి. ఏఐఎస్ పటంలో మాత్రం అవి రాత్రివేళ బయల్దేరి క్రిమియాలోని సెవస్తపోల్‌లో ఉన్న రష్యా నౌకా స్థావరం ముంగిట దాకా వెళ్లినట్టు కనిపించింది. ఎవరో కల్పించిన జాడలు. రేవు వైపు తిప్పి ఉన్న మామూలు వెబ్ కెమెరాల్లో ఆ రెండు ఓడలూ ఉన్న చోటే ఉన్నాయి. ఆ ప్రాంతంలో ఉన్న ఉద్రిక్తతకి ఆ అబద్ధపు జాడని ఎవరైనా నిజమని నమ్మి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

ఈ ఉదాహరణలో గమనించాల్సింది ఏమిటంటే, మన సగటు లెక్క ఇక్కడ పనికిరాదు. ఒక సాక్షి ఒడెసా అంటాడు, ఇంకోడు సెవస్తపోల్ అంటాడు. రెండిటినీ కలిపి సగటు తీస్తే ఓడ నడిసముద్రంలో తేలుతుంది. సాక్షులు పొరపాటు హద్దులు దాటి విభేదించినప్పుడు, ఆ విభేదమే మనకి అందిన అసలు సమాచారం. దాన్ని నున్నగా చేసి పారేయకూడదు, ఆపరేటర్ కళ్ల ముందు పెట్టాలి.

ఇక అబద్ధం కన్నా ఎక్కువగా ఎదురయ్యేది మౌనం. ఏఐఎస్ లేని ఓడలు, ఉన్నా ఆపేసిన ఓడలు. దీని గురించి నాకు బాగా నచ్చిన పని ఒకటుంది. 2020లో ఒక అంతర్జాతీయ పరిశోధక బృందం ఉత్తర కొరియా జలాల్లో స్క్విడ్ అనే సముద్ర జీవిని పట్టే పడవల్ని లెక్కపెట్టింది. ఐక్యరాజ్యసమితి ఆంక్షల వల్ల 2017 నుంచి అక్కడ విదేశీ పడవలు చేపలు పట్టకూడదు. కొన్ని పడవలు ఏఐఎస్ వేశాయి, చాలా వరకు వేయలేదు. వాళ్లు నాలుగు రకాల చూపుల్ని కలిపారు: ఏఐఎస్, ఉపగ్రహ రాడార్ చిత్రాలు, పడవల ఆకారం కనిపించే మామూలు ఉపగ్రహ ఫోటోలు, రాత్రి దీపాలు. స్క్విడ్ పట్టే పడవలు రాత్రిపూట కళ్లు చెదిరే దీపాలు వెలిగిస్తాయి, అంతరిక్షం నుంచి కూడా కనిపిస్తాయి. ఒక్కో చూపులో ఒక్కో ముక్క దొరికింది. కలిపితే 2017లో 900కి పైగా, 2018లో 700 దాకా చైనాకి చెందినవిగా తేలిన పడవలు. ఏ ఒక్క సెన్సర్ ఒంటరిగా ఈ లెక్క తేల్చలేకపోయేది. 2024 జనవరిలో ఇంకో బృందం ఇదే బాటలో ప్రపంచమంతా చూసింది. 2017 నుంచి 2021 దాకా రాడార్ ఉపగ్రహ చిత్రాల్లో కనిపించిన ఓడల్ని ఏఐఎస్‌తో జతచేసి చూస్తే, పారిశ్రామిక చేపల ఓడల్లో 72 నుంచి 76 శాతం బహిరంగ ట్రాకింగ్‌లో లేనే లేవు. ఇన్నాళ్లూ ఏఐఎస్ పటం చూసి ఇదే సముద్రం అనుకున్నవాళ్లం, చేపల ఓడల వరకు నాలుగో వంతునే చూశామన్నమాట.

ఈ జతచేయడంలో ఒక చిన్న విషయం ఉంది, విద్యార్థులకి బాగుంటుందని చెబుతున్నాను. ఉపగ్రహ రాడార్ చిత్రంలో కదులుతున్న ఓడ తన చోట కనిపించదు. పక్కకి జరిగి కనిపిస్తుంది. చిత్రంలో ఆ దిక్కు స్థానాన్ని ప్రతిధ్వని డాప్లర్ మార్పు నుంచి, అంటే కదలిక వల్ల తరంగం పౌనఃపున్యంలో వచ్చే తేడా నుంచి లెక్క కడతారు, ఓడ కదలికకి సొంత డాప్లర్ ఉంటుంది, రెండూ కలిసిపోతాయి. వేగంగా పోయే ఓడ ఏకంగా కొన్ని వందల మీటర్లు జరిగిపోవచ్చు. చిత్రంలో ఓడ వెనక నీటి మీద పడిన చార మాత్రం ఉన్న చోటే ఉంటుంది, ఓడ దాన్ని వదిలి పక్కన తేలుతూ కనిపిస్తుంది. మొదటిసారి ఆ చిత్రం చూసినప్పుడు ఏదో లోపం అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ చారకీ ఓడకీ మధ్య ఉన్న ఎడం కొలిస్తే ఓడ వేగమే బయటపడుతుందని. లోపం అనుకున్నది కొలత అయింది. కానీ ఈ జరుగుడుని సరిచేయకుండా ఏఐఎస్‌తో పోలిస్తే, నిజాయితీగా పోతున్న ఓడ మీద "ఏఐఎస్ ఆపేసిన అనుమానిత ఓడ" అని ముద్ర పడుతుంది.

ఇంత చెప్పినా, యంత్రాలన్నీ సరిగ్గా పనిచేసి, మనుషుల దగ్గర తెగిపోయిన సందర్భాలే నన్ను ఎక్కువ కలవరపెడతాయి. 1988 జూలై 3న హార్ముజ్ జలసంధిలో అమెరికా యుద్ధనౌక విన్సెన్స్, ఇరాన్ ఎయిర్ 655 అనే ప్రయాణికుల విమానాన్ని కూల్చింది. 290 మంది చనిపోయారు. అప్పటికి ప్రపంచంలో అత్యాధునికమైన సెన్సర్ వ్యవస్థల్లో ఒకటి ఆ ఓడలో ఉంది. ఆ విమానం పైకెక్కుతోందని ఓడ కంప్యూటర్లలో నమోదైంది కూడా. లోపల ఉన్నవాళ్లు మాత్రం అది తమ మీదకి దిగుతున్న యుద్ధవిమానం అని నమ్మారు.

ఎందుకలా అయిందన్నదానికి చాలా కారణాలు చెబుతారు. భయం, హడావుడి, అదే సమయంలో చిన్న పడవలతో జరుగుతున్న పోరు. నా పనికి దగ్గరగా ఉన్నది ఒకటి మాత్రం చెబుతాను. విన్సెన్స్ ఆ విమానానికి 4474 అనే ట్రాక్ నంబర్ ఇచ్చింది. దగ్గర్లోని ఇంకో అమెరికా ఓడ అదే విమానానికి 4131 అని ఇచ్చింది. రెండూ ఒకటే అని వ్యవస్థ గుర్తించి, వాటిని కలిపి 4131 అని ఉంచింది. ఇప్పటిదాకా మనం మాట్లాడుకున్న పని, సరిగ్గానే చేసింది. ఆ తర్వాత ఖాళీ అయిన 4474 దూరంగా ఎగురుతున్న వేరే సైనిక విమానానికి వెళ్లింది. హడావుడిలో "4474 ఏం చేస్తోంది?" అని అడిగితే వచ్చిన జవాబు ఆ వేరే విమానానిదై ఉండొచ్చని, దిగుతోంది అన్న మాట అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చని తర్వాత విశ్లేషించినవాళ్లు చూపించారు. కలపడం సరైందే. కలిపామని మనిషికి తెలిసేలా చెప్పలేదు. ఏ నంబర్ ఎందుకు మారిందో తెర మీద గట్టిగా కనిపించలేదు. నేను ట్రాక్ నంబర్ల నియమాలు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఈ రెండు అంకెలు కళ్ల ముందు ఉంటాయి. ఒకసారి వాడిన నంబర్‌ని అంత త్వరగా ఇంకొకరికి ఇవ్వనివ్వను. ఎవరు ఎంత ఒత్తిడి పెట్టినా ఆ నియమం సడలించను.

2017 జూన్ 17న జపాన్ తీరంలో ఫిట్జ్‌జెరాల్డ్ అనే యుద్ధనౌక ఒక కంటైనర్ ఓడతో ఢీకొని ఏడుగురు నావికులు చనిపోయారు. అక్కడ కలపడంలో తప్పు కాదు, అసలు కలపనే లేదు. రాడార్లని సరిగ్గా సర్దుకోలేదనీ, ఏఐఎస్‌ని వాడుకోలేదనీ, పైన ఓడని నడిపే చోట (బ్రిడ్జి) ఉన్నవాళ్లకీ లోపల తెరల ముందు ఉన్నవాళ్లకీ మధ్య మాటలు సరిగ్గా సాగలేదనీ విచారణలో తేలింది.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, ఏఐఎస్ ఆపేసిన ప్రతి ఓడనీ అనుమానించాలా?)

లేదమ్మా. సముద్రపు దొంగల భయం ఉన్న చోట కెప్టెన్ తన విచక్షణతో ఆపుకోవచ్చని నిబంధనలే అంటాయి. చేపలు బాగా పడే చోటు పక్కవాడికి తెలియకూడదని ఆపేవాళ్లు ఉంటారు. కొన్నిసార్లు ఓడ ఆపదు, మనకే వినపడదు. ఒక్కో ఏఐఎస్ చానెల్‌లో నిమిషానికి 2,250 స్లాట్లు, అంటే సందేశం పంపే చిన్న చిన్న వంతులు. ఓడలు తమ చుట్టుపక్కల వాటితో సర్దుకుని వాటిని పంచుకుంటాయి. ఉపగ్రహం మాత్రం వేల కిలోమీటర్ల వెడల్పు ఒకేసారి వింటుంది, రద్దీ సముద్రాల్లో సందేశాలు ఒకదాని మీద ఒకటి పడి పోతాయి. కాబట్టి మౌనం చూసినప్పుడు, ఆ చోట ఆ సమయంలో మనకి మామూలుగా వినిపిస్తుందా అని ముందు అడగాలి. పక్కనున్న ఓడలన్నీ వినిపిస్తూ ఇదొక్కటే ఆగిపోతే అప్పుడు మాట వేరు.

(ఇంకొక విద్యార్థి: ఇదంతా ఇప్పుడు ఏఐ చేసేస్తుంది కదా సార్?)

కొంత చేస్తోంది, చాలా బాగా చేస్తోంది. ఇందాక చెప్పిన ప్రపంచ లెక్కలో చిత్రాల్లో ఓడల్ని గుర్తుపట్టింది అలాంటి నెట్‌వర్కులే, మనుషులు కూర్చుని చూస్తే తరిగేది కాదు. నా షరతు ఒక్కటే. "ఇది ఓడ, 90 శాతం" అని మోడల్ అంటే, అలా 90 అన్న వంద సార్లలో నిజంగా 90 సార్లు ఓడ ఉండాలి. అలా సరిచూడని అంకెని నేను పక్కనున్న రాడార్ అంకెతో కలపలేను. కాల్మన్ లెక్కకి ప్రతి సాక్షి తన పొరపాటు ఎంతో నిజం చెప్పాలి. తన మీద తనకి అతినమ్మకం ఉన్న సాక్షి మిగతా అందరినీ పాడుచేస్తాడు.

(మరొకరు: ఆ గస్తీ బోటు సంగతి తర్వాత మీరు ఏం మార్చారు?)

లోపల మార్చింది చెప్పాను. తెర మీద కూడా మార్చాం. అంతకుముందు అన్ని చుక్కలూ ఒకేలా ఉండేవి. ఇప్పుడు ప్రతి చుక్క చుట్టూ దాని పొరపాటు వృత్తం గీస్తాం. కబురు పాతబడే కొద్దీ వృత్తం పెద్దదవుతుంది, గీత చుక్కలు చుక్కలుగా మారుతుంది. చుక్క మీద వేలు పెడితే ఏ సెన్సర్ ఎప్పుడు చూసిందో వరసగా వస్తుంది. మొదట్లో ఆపరేటర్లకి నచ్చలేదు, తెర గజిబిజిగా ఉందన్నారు. ఓ ఆర్నెల్ల తర్వాత నేను రాత్రి డ్యూటీ గదిలో ఓ మూల నిలబడి ఉన్నాను. ఒక అమ్మాయి ఫోన్‌లో గస్తీ బోటుతో మాట్లాడుతోంది. వెనకటి రోజుల్లో అయితే "అక్కడ పడవ ఉంది, వెళ్లండి" అనేవాళ్లు. ఆమె అన్నది ఇది: "రాడార్ ఒక్కటే చూస్తోంది, చివరి కబురు 40 సెకన్ల కిందటిది, కెమెరాకి ఇంకా అందలేదు, గాలి ఉంది, క్లట్టర్ కావచ్చు. మీరు బయల్దేరండి, నేను కెమెరా తిప్పుతూ ఉంటాను, మారితే చెబుతా."